మథురా రోడ్డు మీద కాలిన చక్రం

మొన్న ఫరీదాబాద్‌లో మా అమ్మాయి ఇంటి నుంచి ఆటోలో మెట్రో స్టేషనుకి వెళ్తుంటే సిగ్నల్ దగ్గర ఒక వాసన ముక్కుకి తగిలింది. కాలిన రబ్బరు వాసన కాదు, మాడిన వైరు వాసన కాదు. పాత గోనెసంచిని ఇనప పెనం మీద మాడిస్తే ఎలా ఉంటుందో అలాంటిది. తల తిప్పి చూశాను. పక్కన ఒక పాత కారు ఆగి ఉంది. దాని ముందు చక్రం సందుల్లోంచి సన్నగా పొగ లేస్తోంది.

"భయ్యా, గాడీ సైడ్‌మే లగావో. బ్రేక్ పకడ్ రహా హై," అన్నాను ఆటోలోంచి వంగి, బ్రేకు పట్టేస్తోంది పక్కకి ఆపమని.

కారు నడుపుతున్న కుర్రాడు నా నెరిసిన జుట్టు వైపు చూసి నవ్వాడు. "ఇత్నీ గర్మీ హై ఆంటీజీ, సబ్ కుఛ్ జల్ రహా హై," అని, ఈ ఎండకి కాలనిదేముందన్నట్టు, పచ్చదీపం పడగానే వెళ్ళిపోయాడు.

 ఆ వాసన నాకు కొత్త కాదు. ఆరో క్లాసు అయిపోయిన ఎండాకాలంలో అది మా ఇంట్లో మనిషిలాగా మాతో కాపురం చేసింది.

అప్పుడు మేము ఢిల్లీలో ఆర్.కె. పురంలో ఉండేవాళ్ళం. పసుపు సున్నం వేసిన గవర్నమెంటు క్వార్టర్లు, మెట్ల కింద సైకిళ్ళు, బయట వేపచెట్లు, రోడ్డు వారన నేరేడు చెట్లు. మాది మేడ మీద వాటా. ఇప్పుడు ఆ వరస లేదు, కూలగొట్టేశారు. ఆ మధ్య అటు వెళ్తే నా కంటికి రేకుల గోడ, దాని మీదుగా ఒక క్రేను కొక్కెం కనిపించాయి. మే నెల మధ్యాహ్నాలు కూలర్ గడ్డి తడిసిన వాసన వేసేది ఇల్లంతా. సాయంత్రాలు దుమ్ముగాలి లేచి ఆరేసిన బట్టలన్నీ ఎర్రగా అయిపోయేవి. నేనూ తమ్ముడూ రాలిన నేరేడు పళ్ళని గౌనులోనూ చొక్కాలోనూ పోసుకుని, చెట్ల కాపలావాడు లాఠీ ఊపుతూ వెంటపడితే మెట్లెక్కి పారిపోయి వచ్చేవాళ్ళం. వాడికి దొరక్కపోయినా అమ్మకి దొరికిపోయేవాళ్ళం, నాలుకలు నల్లగా ఉండేవి కాబట్టి.

నాన్న కొట్టేవాడు. ఈ మాట ముందే చెప్పేయాలి, లేకపోతే మిగతాదేదీ అర్థం కాదు. మమ్మల్ని కాదు, అమ్మని. పప్పులో ఉప్పు తగ్గితే కొట్టేవాడు. ఇస్త్రీ చొక్కాకి గుండీ లేకపోతే కొట్టేవాడు. ఎదురు మాట్లాడితే నోరెక్కువైందని, మాట్లాడకపోతే పొగరెక్కువైందని కొట్టేవాడు. అరచెయ్యి చాచి చెంప మీద కొడితే ఆ చప్పుడు కింది వాటాకి వినిపించేది. కింది వాటా ఆంటీ టీవీ సౌండు పెంచేది. మర్నాడు పొద్దున్న గిన్నెలో మజ్జిగపులుసు లాంటి కడీ పోసి పంపించేది. ఆవిడకి చేతనైంది అదే అనుకుంటాను. ఆ చప్పుళ్ళు మొదలవగానే నేనూ తమ్ముడూ మంచం కిందికి దూరి, దాచుకున్న నేరేడు పళ్ళు తింటూ ఉండేవాళ్ళం. ఇప్పటికీ నేను నేరేడు పండు నోట్లో పెట్టుకోలేను.

బయట మాత్రం నాన్నంత మంచివాడు లేడు. ఆఫీసులో సెక్షన్ ఆఫీసరు. ఊరి నుంచి ఎవరు ఢిల్లీ వచ్చినా స్టేషనుకి వెళ్ళి తీసుకొచ్చేవాడు, పనులు చేసి పెట్టేవాడు. అందరూ ఆయన్ని బంగారం అనేవారు. అమ్మ కూడా ఆ మాట వింటూ కాఫీలు అందించేది, చెంప మీద జుట్టు లాక్కుని.

ఆ ఏడాది నాన్న రిటైరైపోతున్న ఒక పెద్దాఫీసరు దగ్గర పాత కారు కొన్నాడు. తెల్లది. సీట్లకి చిరుగులున్నాయి, తలుపు వేస్తే గుడి గంట మోగినట్టుండేది. మా వరస మొత్తానికి అదొక్కటే కారు. నేనూ తమ్ముడూ దాని వెనక సీట్లో దూరి, తలుపులు బిగించుకుని, చెమటలు కారుతున్నా దిగకుండా ఊరికే కూర్చునేవాళ్ళం.

కారు వచ్చిన కొన్నాళ్ళకి తాతయ్య వచ్చాడు. అమ్మ వాళ్ళ నాన్న. నర్సీపట్నం వైపు మనిషి. జీవితమంతా లారీ నడిపి మానేశాడు. ఒక చెవి వినపడని అమ్మమ్మ పోయి ఏడాది దాటింది, ఒక్కడూ ఉండలేక ఎండాకాలానికి కూతురింటికి బయల్దేరాడు. భుజం మీద ఆవకాయ జాడీ, చంకలో తాండ్ర చాప, నోట్లో ఆరిపోయిన చుట్ట. ఆయన మణికట్లు మా తమ్ముడి కాలి పిక్కలంత ఉండేవి. వచ్చిన రోజే నాన్న మా అందరినీ అశోకా రోడ్డులో ఆంధ్రా భోజనం దొరికే క్యాంటీనుకి తీసుకెళ్ళి భోజనం పెట్టించాడు. పప్పన్నంలో నెయ్యి తనే స్వయంగా వేశాడు తాతయ్యకి. "మొహమాటపడకండి మావయ్యగారూ, ఇంకొంచెం గోంగూర వేయించుకోండి," అని దగ్గరుండి వడ్డింపించాడు.

తాతయ్య చెయ్యి కడుక్కుంటూ అమ్మతో అన్నాడు. "నీ అదృష్టం బావుందే అమ్మాయ్. అల్లుడు మంచోడు."

అమ్మ నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడింది. 

అదృష్టం సంగతి ఆ వారంలోనే ఒక పొద్దున్న ఆయనకి తెలిసింది. తాతయ్య బాల్కనీలో చుట్ట కాలుస్తున్నాడు. లోపల వంటింట్లో ఏం జరిగిందో, చెంప పేలింది. గిన్నె దొర్లింది. మళ్ళీ పేలింది. నేను బాల్కనీ గుమ్మంలో ఉన్నాను, తాతయ్యనే చూస్తున్నాను. ఇంత బలమైన మనిషి ఇప్పుడు లేస్తాడు, లోపలికి వెళ్తాడు అనుకున్నాను. ఆయన లేవలేదు. వేపచెట్టు వైపు చూస్తూ, చుట్ట ఆరిపోయినా నోట్లోంచి తీయకుండా కూర్చున్నాడు. నాన్న ఆఫీసుకి వెళ్ళిపోయాక లేచి, అమ్మ దగ్గరికి వెళ్ళకుండా కిందికి దిగి కారు చుట్టూ తిరిగాడు.

ఆ రోజునుంచి ఆయన ధ్యాసంతా కారు మీదే.

కారుకి రోగం అప్పటికే ఉంది. కాస్త దూరం పోతే బరువెక్కినట్టయ్యేది. ఇంజను మూలుగుతున్నా బండి ముందుకి పోదు. స్టీరింగు ఎడమవైపుకి లాగేది. ఆగాక ఆ గోనెసంచి వాసన. నాన్న హ్యాండ్ బ్రేకు తీగ బిగుసుకుందని తేల్చి, దాన్ని వదులు చేయించాడు. వాసన తగ్గలేదు.

"హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకి కదండీ అల్లుడుగారూ," అన్నాడు తాతయ్య. "కాలేది ఎడమవైపు ముందు చక్రం. చెయ్యి దగ్గర పెట్టి చూడండి, మిగతా మూడూ చల్లగా ఉన్నాయి."

నాన్న మొహం ఎర్రబడింది. కింది వాటా అంకుల్ అక్కడే స్కూటరు తుడుచుకుంటున్నాడు. "అలాగా మావయ్యగారూ," అని నవ్వి పైకి వచ్చేశాడు. ఆ సాయంత్రం టీలో పంచదార ఎక్కువైందని అమ్మ మీద గ్లాసు విసిరాడు. అది గోడకి తగిలి పగిలింది.

తాతయ్య మర్నాడే చక్రం విప్పాడు. కారుని జాకీ మీద లేపి, ఇటుకలు పెట్టి, చక్రం ఊడదీసి, లోపలి డ్రమ్ముని సుత్తితో చుట్టూ తట్టి తట్టి లాగాడు. నల్లటి పొడి భగ్గున లేచింది. డ్రమ్ము లోపల రెండు చంద్రవంకల్లాంటి ముక్కలున్నాయి. అవే బ్రేకు షూలట. తొక్కినప్పుడు అవి విచ్చుకుని డ్రమ్ముని పట్టుకోవాలి, వదిలినప్పుడు స్ప్రింగు వాటిని వెనక్కి లాగాలి.

"ఇదిగో, స్ప్రింగు సాగిపోయింది. షూలు వెనక్కి రావట్లేదు. అంతే దీని రోగం," అన్నాడు తాతయ్య, డాక్టరు నాడి చూసి చెప్పినట్టు. కొత్త స్ప్రింగు తెప్పించి వేశాడు. షూలని గరుకు కాగితంతో రుద్దాడు. అంతసేపూ ఘాట్ రోడ్డు కబుర్లే. చింతపల్లి ఘాట్ దిగుతుంటే బ్రేకులు కాలిపోయి చక్రాలు నిప్పు ముద్దలయ్యాయట. కొండకి ఒరిపించి ఆపాడట. క్లీనరు ఏడిస్తే చాచి ఒకటి కొట్టాడట. "కొడితే గానీ మాట వినరు కొందరు," అని నవ్వాడు. వెంటనే నోరు మూసుకుని పైకి, మా వంటింటి కిటికీ వైపు చూశాడు.

మార్కెట్టుకీ గుడికీ తిరిగినన్నాళ్ళు కారు బాగానే ఉంది. తాతయ్య మీసం దువ్వుకున్నాడు. ఆయన చెప్పింది తప్పని మాకెవరికీ తెలీదు.

జూన్‌లో నాన్న ఆఫీసాయన ఒకరు ఫరీదాబాద్‌లో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచారు. అందరం కారులో బయల్దేరాం. నాన్న నడుపుతున్నాడు, పక్కన తాతయ్య. వెనక అమ్మ, నేను, తమ్ముడు. అమ్మ ఒళ్ళో పులిహోర గిన్నె, కాళ్ళ దగ్గర మంచినీళ్ళ క్యాను. మథురా రోడ్డు మీద ట్రక్కులు, బస్సులు, ఎద్దుబళ్ళు, అన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. అడుగడుగునా బ్రేకు తొక్కాల్సి వస్తోంది. బదర్‌పూర్ దాటాక వాసన మొదలైంది.

"ఏవండీ, వాసనొస్తోంది. ఒకసారి పక్కకి ఆపండి," అంది అమ్మ.

"నోర్మూసుకుని కూర్చో."

కారు నెమ్మదించింది. నాన్న యాక్సిలరేటర్ నేలకి తొక్కినా అది నత్తలా పాకుతోంది. వెనక ఒక జీపు హారను మీద హారను కొడుతోంది. ఎడమ చక్రం వైపు నుంచి పొగ వచ్చి తమ్ముడు దగ్గడం మొదలుపెట్టాడు. "పాపా, గాడీ మే ఆగ్ లగ్ గయీ!" అని హిందీలో అరిచాడు వాడు, నాన్నా కారు అంటుకుందని. అదే సమయానికి కారు దానంతటదే ఆగిపోయినట్టయింది. వెనక జీపు వచ్చి ధడాలున గుద్దింది. పులిహోర గిన్నె ఎగిరి ముందు సీటు మీద పడింది.

జీపులోంచి ఒక లావుపాటి మనిషి దిగాడు. నాన్న తలుపు తీసి ఇంకా పూర్తిగా నిలబడకముందే, రోడ్డు నీ బాబుదా అంటూ కాలరు పట్టుకున్నాడు.

"సడక్ తేరే బాప్ కీ హై?"

"సారీ భాయ్‌సాబ్, బ్రేక్ జామ్..."

లాగి కొట్టాడు. నాన్న కళ్ళజోడు ఎగిరి రోడ్డు మీద పడింది. ఇంకోటి కొట్టాడు, ఈసారి చెవి మీద. నాన్న రెండు చేతులూ జోడించాడు. మా నాన్న. బస్సుల కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. తాతయ్య దిగి అడ్డం వెళ్ళేలోపే ఆ మనిషి నాన్న కళ్ళజోడుని చెప్పుతో తొక్కి, జీపెక్కి వెళ్ళిపోయాడు. అంతా ఒక్క ఊపిరిలో అయిపోయింది.

నాన్న అక్కడే నిలబడ్డాడు. పెదవి చిట్లి రక్తం కారుతోంది. తర్వాత మెల్లగా తల తిప్పి కారు వెనక సీటు వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. నేను తమ్ముడి చెయ్యి పట్టుకున్నాను. ఈసారి దూరడానికి మంచం లేదు.

ఆయన వెనక తలుపు తీసి అమ్మని జుట్టు పట్టుకుని బయటికి లాగాడు. "వాసనొస్తోందా? వాసనొస్తోందా నీకు? నీ పాడు నోరు తెరవబట్టే ఇదంతా!" అంటూ కొట్టాడు. ఇంట్లో కొట్టినట్టు అరచేత్తో కాదు, పిడికిలితో. అమ్మ ముక్కులోంచి రక్తం బొటబొటా పట్టుచీర మీద కారింది. ఆవిడ కింద పడింది. ఆయన కాలెత్తాడు.

తాతయ్య వెనకనుంచి ఆయన్ని పట్టుకున్నాడు.

 నాన్న నడుం చుట్టూ ఒక చెయ్యి వేసి, ఇంకో చేత్తో కుడి మణికట్టు ఒడిసిపట్టి, కారు ముందుకి ఈడ్చుకెళ్ళాడు. నాన్న తన్నుకున్నాడు. తాతయ్యని మోచేత్తో కడుపులో పొడిచాడు. తాతయ్య పట్టు సడల్లేదు. ఎడమ చక్రం ముందు ఆయన్ని మోకాళ్ళ మీద కూలేశాడు. చక్రం మధ్య ఇనప రేకు నీలం తిరిగి ఉంది. దాని మీద గాలి వణుకుతోంది.

"ఇదేనా చెయ్యి? ఇదేనారా నా కూతురి మీద లేచే చెయ్యి?"

ఆ అరచేతిని తీసుకెళ్ళి చక్రానికి అదిమిపెట్టాడు.

నాన్న వేసిన కేక నేను రాయలేను. రేకు మీద నీళ్ళు చిలకరిస్తే వచ్చే చప్పుడు, ఆ తర్వాత కేక. తమ్ముడు నా భుజంలో మొహం పెట్టుకున్నాడు. నేను మాత్రం చూస్తూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు జాలి కలగలేదు. తాతయ్య ఇంకాసేపు పట్టుకుంటే బావుండుననిపించింది.

పట్టుకోనివ్వకుండా చేసింది అమ్మ. ఎప్పుడు లేచిందో, క్యాను రెండు చేతులతో ఎత్తి తాతయ్య భుజం మీద కొట్టింది. ఆయన పక్కకి ఒరిగిపోయాడు. అమ్మ క్యాను మూత పీకి నాన్న చేతిమీద నీళ్ళన్నీ కుమ్మరించింది. నాన్న పసిపిల్లాడిలా వెక్కుతున్నాడు.

తాతయ్య రొప్పుతూ, ఏదో గెలిచినవాడిలా అన్నాడు. "ఇంక భయం లేదమ్మా. ఈ చెయ్యి మళ్ళీ నీమీద లేవదు."

అమ్మ చీర కొంగుతో ముక్కు అదుముకుంటూ ఆయన వైపు తిరిగింది.

"అమ్మ చెవి పోయింది ఎవరి వల్ల నాన్నా?"

లేవబోతున్న తాతయ్య అక్కడే ఆగిపోయాడు.

"పెద్దతనం వల్ల అని ఊరంతా చెప్పావు. అన్నం పళ్ళెం దగ్గర నువ్వు కొట్టిన దెబ్బకి ఆ చెవిలోంచి రక్తం వస్తే గుడ్డ పెట్టింది నేను. నువ్వు ఏ చక్రం మీద పెట్టావు నీ చెయ్యి? ఎవరు పెట్టించారు?"

ఒక ట్రక్కు పోయింది. దాని దుమ్ము మా అందరిమీదా పడింది. తాతయ్య తన అరచేతుల వైపు చూసుకున్నాడు. అంతలావు మనిషి ఎండలో ఆరేసిన చొక్కాలా వేలాడిపోయాడు.

"నాకు మీరిద్దరూ ఒకటే," అంది అమ్మ. ఏడవడం లేదు. "లే. ఆ చక్రం సంగతి చూడు. పిల్లలు ఎండలో ఉన్నారు."

ఆ పూట ఇంక ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు. నాన్నని వేపచెట్టు నీడలో కూర్చోబెట్టి అమ్మ తన కొంగు చింపి చెయ్యి చుట్టింది. తాతయ్య కారుని జాకీ మీద లేపాడు. చక్రం చేత్తో తిప్పితే తిరగలేదు, గోడకి దిగ్గొట్టినట్టుంది. కొత్త స్ప్రింగు వేసిన చక్రమే. ఆయన డిక్కీలోంచి పానా తీశాడు. తర్వాత కింద పడుకుని చక్రం వెనకవైపు చెయ్యి పోనిచ్చి, ఆయిలు వదిలే చిన్న నట్టు దగ్గర పానా వేసి కాస్త వదులు చేశాడు. బ్రేకు ఆయిలు చుయ్యిమని దూరంగా చిమ్మింది. చక్రం టక్కున వదులై తిరిగింది.

"నేను చెప్పింది తప్పు," అన్నాడు తాతయ్య, కారు కిందనుంచే. ఎవరితో అన్నాడో తెలీదు. "షూలు కాదు. స్ప్రింగు కాదు. తొక్కిన ఆయిలు లోపలికి పోతోంది, వెనక్కి రావట్లేదు. పైపులోనే ఉంది రోగం."

ఆ నట్టు బిగించి, తిరుగుదారి అంతా తనే నడిపాడు. కాలు బ్రేకు మీద పెడితే చక్రం మళ్ళీ బిగుసుకుంటుందని గేర్లతోనూ హ్యాండ్ బ్రేకుతోనూ ఆపుకుంటూ, ఎద్దుబండిలాగా తీసుకొచ్చాడు. దారిలో ఒక క్లినిక్కు దగ్గర ఆపి నాన్న చేతికి మందు కట్టించాం. ఎలా కాలిందని డాక్టరు అడిగాడు. "కారు రిపేరు చేస్తుంటే," అన్నాడు నాన్న. అమ్మ ముక్కు చూసి మళ్ళీ అడిగాడు. అమ్మ మా ఇద్దరి చేతులూ పట్టుకుని కారు వైపు నడిచింది.

మర్నాడు తాతయ్య చక్రం దగ్గరి రబ్బరు పైపు ఊడదీశాడు. పైకి చూస్తే నిక్షేపంలా ఉంది, చిన్న పగులు కూడా లేదు. చాకుతో నిలువునా కోసి నాకు చూపించాడు. లోపల రబ్బరు ఉబ్బి, దారి సూది బెజ్జమంత మిగిలింది. "కాలు బలంతో తొక్కితే ఆయిలు దూసుకుపోతుంది. వెనక్కి రావడానికి స్ప్రింగు బలం చాలదు. అందుకే పట్టుకున్నది వదలట్లేదు," అన్నాడు. ఘాట్ రోడ్డు కబుర్లు చెప్పలేదు ఆ రోజు. అసలు ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు.

కొత్త పైపులు వేశాక లోపలి గాలి తీయాలి. దానికి ఒకరు పైన పెడలు తొక్కుతుంటే ఒకరు కింద నట్టు తీసి బిగించాలి. నాన్న చెయ్యి కట్టుతో బాల్కనీలో కూర్చున్నాడు. నా కాలు అందలేదు. తాతయ్య పైకి చూసి, మొహమాటపడుతూ అమ్మని పిలిచాడు.

అమ్మ పిండి చేతులు కొంగుకి తుడుచుకుంటూ దిగి వచ్చింది. ముక్కు ఇంకా వాచి ఉంది. ఆవిడ స్టీరింగు ముందు కూర్చోవడం అదే మొదలు.

"తొక్కు... తొక్కి పట్టుకో... ఆఁ, ఇప్పుడు వదులు."

అమ్మ తొక్కింది, పట్టుకుంది, వదిలింది. గాజు సీసాలోకి ఆయిలు బుడగలు బుడగలుగా దిగింది. తర్వాత బుడగలు ఆగాయి. తాతయ్య చక్రాన్ని చేత్తో ఒక్క తోపు తోశాడు. అది హాయిగా చాలాసేపు తిరిగింది. "అయిపోయిందమ్మా, దిగు," అన్నాడు.

అమ్మ దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కూర్చుంది.

"ఇది నడపడం నేర్పు నాకు."

"నువ్వా? ఎందుకమ్మా ఇప్పుడు..."

"అమ్మకి ఏమీ నేర్పలేదు నువ్వు. నాకు నేర్పు."

నాన్న చెయ్యి మానేదాకా ఎలాగూ గేరు పట్టుకోలేడు. ఆ సాకుతో నేర్పాడు తాతయ్య. పొద్దున్నే, పాలవాళ్ళు తప్ప ఎవరూ లేని సెక్టారు రోడ్ల మీద. వెనక సీట్లో నేనూ తమ్ముడూ. అమ్మ క్లచ్చు వదిలితే కారు కప్పలా గెంతేది. తాతయ్య తలుపు పిడి పట్టుకుని "మెల్లిగా, మెల్లిగా" అనేవాడే గానీ ఒక్కసారి కూడా కసరలేదు. కసరబోయి మింగడం మాత్రం చూశాను. వర్షాలు పడేనాటికి అమ్మ నాన్నని ఆఫీసు దగ్గర దింపి వచ్చేది. గేటు దగ్గర ఆయన దిగి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకుని, గబగబా లోపలికి నడిచేవాడు.

తాతయ్య వర్షాల్లోనే ఊరెళ్ళిపోయాడు. స్టేషన్లో అమ్మ ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టలేదు. పెరుగన్నం డబ్బా చేతికిచ్చి, "వేళకి తిను," అంది. ఆయన డబ్బా పట్టుకుని ఏడ్చాడు. రైలు కదిలాక కూడా అమ్మ కంట్లో తడి లేదు. పై ఏడాది ఆయన పోయాడని తెలిసినప్పుడు మాత్రం బాత్రూములో కుళాయి తిప్పేసి చాలాసేపు ఉండిపోయింది. దేనికి ఏడ్చిందో నేను అడగలేదు.

నాన్న చెయ్యి మానింది. మానిన చెయ్యి చలికాలంలో మళ్ళీ లేచింది. తాతయ్య చెప్పినట్టేమీ జరగలేదు. ఒక ఆదివారం పొద్దున్న, దేనికో గుర్తు లేదు, నాన్న అమ్మని గోడకేసి కొట్టాడు. నేనూ తమ్ముడూ అలవాటుగా మంచం కిందికి దూరాం. కింద టీవీ సౌండు పెరిగింది.

అమ్మ వంగి మంచం కిందికి చూసింది. చెంప కందిపోయి ఉంది. "బయటికి రండి. స్వెట్టర్లు వేసుకోండి," అంది.

మేకుకి వేలాడుతున్న కారు తాళం తీసుకుంది. నాన్న గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "ఎక్కడికి? ఎక్కడికే?" అమ్మ పొయ్యి దగ్గరి నుంచి మరుగుతున్న టీ గిన్నె పట్టకారుతో ఎత్తి పట్టుకుంది. విసరలేదు, ఊరికే పట్టుకుంది. నాన్న ఆ గిన్నెనీ ఆవిడ మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. పక్కకి జరిగాడు. అమ్మ గిన్నె నేలమీద పెట్టి, మమ్మల్ని ముందు నడిపించుకుంటూ మెట్లు దిగింది. కింది వాటా ఆంటీ తలుపు తీసి చూసింది. "కహాఁ జా రహీ హో దీదీ?" అంది. "బాహర్," బయటికి అని మాత్రమే అంది అమ్మ.

పొగమంచు ఇంకా విడలేదు. అమ్మ లైట్లు వేసుకుని కంటోన్మెంటు వైపు తీసుకెళ్ళింది. అక్కడ ఒక తెలుగు మిలిటరీ ఆయన భార్య అమ్మకి గుడిలో స్నేహితురాలు. ఆవిడ మా ముగ్గుర్నీ చూసి ఒక్క ప్రశ్న వేయకుండా ఉప్మా చేసింది. వాళ్ళింట్లో చాలా రోజులున్నాం. స్కూలుకి అక్కణ్ణుంచే అమ్మ కారులో దింపేది. ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరికీ సంగతి తెలిసిపోయింది. బంగారం లాంటి మనిషి ఇంట్లో ఏం చేస్తాడో తెలిసిపోయింది.

చివరికి నాన్న బస్సెక్కి వచ్చాడు. వరండాలో పేము కుర్చీ అంచున కూర్చున్నాడు. మిలిటరీ ఆయన పేపరు చదువుతూ అక్కడే ఉన్నాడు, లేచి వెళ్ళలేదు. నాన్న ఏదేదో మాట్లాడాడు. పిల్లల చదువులన్నాడు, పరువన్నాడు. అమ్మ వింది.

"వస్తాను," అంది చివరికి. "కారు తాళం ఇక నాదే. ఇంకొక్కసారి చెయ్యి లేస్తే ఇంతదూరంలో ఆగను, ఇంకా దూరం పోతాను. నువ్వు బస్సుల్లో వెతుక్కో."

ఆవిడ నాన్నని 'నువ్వు' అనడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. ఆయన కూడా విని ఉండడు. తల ఊపాడు.

తర్వాత ఆయన చెయ్యి లేవలేదు. గొంతు లేచేది, మధ్యలో ఆగిపోయేది. కళ్ళు మేకు వైపు పోయేవి, తాళం అక్కడ ఉందో లేదోనని. చాలా ఏళ్ళు అలాగే బతికాడు, అలాగే పోయాడు. చివరి రోజుల్లో ఆయన్ని చూడవచ్చిన బంధువులు అమ్మతో అనేవారు, మనిషి ఎంత మారిపోయాడమ్మా, ఎంత నెమ్మదస్తుడయ్యాడు అని. అమ్మ కాఫీలు అందించేది.

మారాడని నేను అనను. భయపడ్డాడు. మా ఇంటికి ఆ భయం సరిపోయింది.